‘ఇష్టపూర్వకంగా’ అనే మాట

ఈ సంచిక సంపాదకీయం గృహహింస చట్టం అమలు మీద రాయాలని రెండు నెలల క్రితమే అనుకున్నాం. నోట్సు కూడా రాసుకున్నాను. ఈలోగా అమీర్‌పేటలో ఉండే ఒక పాత మిత్రురాలు ఒకసారి వచ్చి పొమ్మని కబురు చేసింది. పేరు రాయొద్దంది కాబట్టి రాయడం లేదు. మాలో చాలామంది ఆమెను ‘అక్కా’ అనే పిలుస్తాం, ఇక్కడా అలాగే అంటాను. వయసు 71. హైదరాబాదులో స్త్రీల సంఘాలు పుట్టి పెరుగుతున్న రోజుల్లో కరపత్రాలు మోసిన మనిషి. ఆస్పత్రి వార్డుల్లో కూర్చుని వాంగ్మూలాలు విన్న మనిషి. నేనప్పటికి బడికి కూడా వెళ్లని పిల్లను.

అక్కకి మోటార్ న్యూరాన్ జబ్బు. ఏడాదిన్నర అయింది. మొదట ఎడమ చెయ్యి పోయింది. ఇప్పుడు మాట ముద్దగా వస్తోంది, మింగడం కష్టమవుతోంది. బుర్ర మాత్రం ఎప్పట్లాగే చురుగ్గా ఉంది. ఇక ముందు ఏం జరగబోతోందో ఆమెకు డాక్టర్లు దాచకుండా చెప్పారు. దాస్తే ఊరుకునే మనిషి కాదు కూడా.

‘‘పత్రికలో రాయి. డాక్టరు సాయంతో చచ్చిపోయే హక్కు చట్టంగా రావాలని స్త్రీల సంఘాలు అడగాలి. నా శరీరం మీద నాకే హక్కని మీకు నేర్పింది మేమే కదా! ఆ శరీరం చావు దగ్గరికొచ్చేసరికి హక్కు ఎట్లా తగ్గిపోతుంది?’’ అంది.

అప్పటికప్పుడు నాకు జవాబు దొరకలేదు. సంపాదక వర్గంలో రెండు శనివారాలు ఇదే చర్చ. ఏకాభిప్రాయం రాలేదు, అరుపులు కూడా అయ్యాయి. అందుకే ఈ సంపాదకీయాన్ని ‘మేము’ అని కాకుండా ‘నేను’ అని రాస్తున్నాను. తప్పొప్పుల బాధ్యత నాది.

ముందు చట్టం సంగతి. మన దగ్గర ‘కారుణ్య మరణం’ అనే ఒకే మాట కింద మూడు నాలుగు వేర్వేరు విషయాలు కలిసిపోతున్నాయి. బతికే ఆశ లేని మనిషికి వెంటిలేటర్ తీసెయ్యడం ఒకటి. ఇలాంటి వైద్యం నాకు చెయ్యొద్దని ముందుగానే రాసిపెట్టుకోవడం ఇంకొకటి. రోగి అడిగితే డాక్టరు మందు రాసిస్తే రోగే వేసుకోవడం, లేదా డాక్టరే ఇంజెక్షన్ ఇవ్వడం మరొకటి. మొదటి రెండింటినీ సుప్రీంకోర్టు ఒప్పుకుంది. మూడోదానికి మన దేశంలో ఎక్కడా అనుమతి లేదు. మందు రాసిచ్చిన డాక్టరు మీద ఆత్మహత్యకు ప్రేరేపించిన నేరం వస్తుంది, ఇంజెక్షన్ ఇచ్చిన డాక్టరు మీద ప్రాణం తీసిన నేరం వస్తుంది. అక్క అడుగుతున్నది ఈ మూడోదాన్నే.

ఇక్కడిదాకా రావడానికి కోర్టులకు ముప్ఫై ఏళ్లు పట్టింది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసే 309వ సెక్షన్ చెల్లదని బొంబాయి హైకోర్టు 1986లో అంటే, చెల్లుతుందని మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1988 నాటి చెన్నా జగదీశ్వర్ కేసులో చెప్పింది. బతికే హక్కులో చచ్చే హక్కు ఉండదని ఆ తీర్పు రాసింది జస్టిస్ అమరేశ్వరి. 1994లో పి. రథినం కేసులో సుప్రీంకోర్టు సెక్షన్ను కొట్టేసింది, 1996లో జ్ఞాన్ కౌర్ కేసులో అయిదుగురు జడ్జీలు మళ్లీ నిలబెట్టారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం దాని కోరలు పీకింది. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక పాత రూపంలో ఆ సెక్షనే లేకుండా పోయింది. ఒక ప్రభుత్వోద్యోగిని విధి చెయ్యకుండా ఒత్తిడి పెట్టడానికి ఆత్మహత్యాయత్నం చేస్తే మాత్రం శిక్ష మిగిలింది. అంటే నిరాహార దీక్షలను దృష్టిలో పెట్టుకున్నారన్నమాట! చచ్చిపోతానన్నా పరవాలేదు గానీ ప్రభుత్వానికి ఇబ్బంది కలగకూడదు.

హైదరాబాదులో ఈ విషయాన్ని కోర్టుకు తీసుకెళ్లింది ఒక తల్లి. 2004 డిసెంబరు నాటి మాట. కె. వెంకటేశ్ అనే పాతికేళ్ల కుర్రాడు, చదరంగం ఆటగాడు, కండరాలు క్షీణించే జబ్బుతో నగరంలో ఒక ఆస్పత్రిలో వెంటిలేటర్ మీద ఉన్నాడు. తన అవయవాలు పాడవకముందే వాటిని వేరేవాళ్లకి ఇచ్చి పోవాలని అతని కోరిక. ఆ కోరిక తీర్చమని తల్లి సుజాత హైకోర్టుకెక్కింది. కోర్టు ఒప్పుకోలేదు. అవయవ మార్పిడి చట్టం ప్రకారం మెదడు చనిపోయిందని డాక్టర్లు ధ్రువీకరిస్తేనే అవయవాలు తీసుకోవాలి, ఈ అబ్బాయి స్పృహలో ఉన్నాడు. ఉన్న చట్టాన్ని బట్టి చూస్తే కోర్టు ఇంకోలా చెప్పగలిగేదని నేననుకోను. ఆ తర్వాత కొద్ది రోజులకే వెంకటేశ్ చనిపోయాడు. గుండె ఆగిపోయాక అతను ఇవ్వగలిగినవి కళ్లలాంటివే. కిడ్నీలు, కాలేయం, గుండె ఇవ్వలేకపోయాడు. అతను ఇవ్వాలనుకున్నవి అతనితోనే పోయాయి.

ఈ కథ మీద శ్రీకాంత్ మూర్తి పుస్తకం రాశారు. దాని ఆధారంగా 2022లో రేవతి దర్శకత్వంలో ‘సలామ్ వెంకీ’ అనే హిందీ సినిమా వచ్చింది. సినిమా చూసి బయటికొస్తూ అందరూ అమ్మ త్యాగం గురించే మాట్లాడారు. నాకు మాత్రం ఒక సందేహం మిగిలింది. ఆ కుర్రాడు మేజరు, బుద్ధి సరిగ్గా ఉన్నవాడు. తన మాటను తనే కోర్టుకు చెప్పుకోగలిగినవాడు. అయినా దేశమంతా దాన్ని ఒక తల్లి కన్నీళ్ల కథగానే విన్నది. హక్కు అడిగినవాడు పక్కకి పోయి, కన్నతల్లి ప్రేమ ముందుకొచ్చింది. స్త్రీ నోటి నుంచి హక్కు అనే మాట వస్తే మన సమాజానికి అది కన్నీరుగానే వినబడుతుందేమో.

ఆ తర్వాత మన రెండు రాష్ట్రాల్లో కారుణ్య మరణం కోసం కోర్టు మెట్లెక్కినవాళ్లు ఎవరో చూడండి. 2016 జూన్‌లో చిత్తూరు జిల్లా తంబళ్లపల్లె కోర్టుకు ఎనిమిది నెలల బిడ్డతో ఒక జంట వచ్చింది. బిడ్డకు కాలేయం జబ్బు. మార్పిడి చేయించే స్తోమత లేదు, అందుకని చంపడానికి అనుమతివ్వమన్నారు. పేపర్లో పడ్డాక ప్రభుత్వం వైద్యం చేయిస్తానని ముందుకొచ్చింది. 2021 జూన్‌లో అదే జిల్లా పుంగనూరు కోర్టుకు ఒక తల్లి జబ్బుతో ఉన్న తొమ్మిదేళ్ల కొడుకుని తీసుకొచ్చింది, వైద్యం చేయించండి లేదా చావుకు అనుమతివ్వండి అని అడగడానికి. తిరిగి వెళ్తుండగా దారిలోనే బిడ్డ ప్రాణం పోయింది. ఇక సోమవారం సోమవారం కలెక్టరాఫీసుల్లో ప్రజావాణి జరుగుతుంటే, భూమి పోయినవాళ్లు, పింఛను రానివాళ్లు ‘కారుణ్య మరణానికి అనుమతించండి’ అని అట్టముక్క మీద రాసి పట్టుకోవడం మనం ఎన్నిసార్లు చూడలేదు?

వీళ్లెవరూ చావు అడగడం లేదు. వైద్యం అడుగుతున్నారు, భూమి అడుగుతున్నారు. మిగతా ఏ దరఖాస్తు రాసినా తీసుకోని రాజ్యం ఈ ఒక్క మాట రాస్తే తల తిప్పి చూస్తుందని వాళ్లకు అనుభవం నేర్పింది. తెలుగునాట ‘కారుణ్య మరణం’ అనే మాట ఇప్పుడున్న అర్థం ఇది. ఈ అర్థం ఉన్న చోట డాక్టరు సాయంతో మరణాన్ని చట్టం చేస్తే, అదే కలెక్టరాఫీసు మెట్ల మీద ఆ దరఖాస్తుకు ‘అనుమతించడమైనది’ అని స్టాంపు పడే రోజు ఎంత దూరంలో ఉంటుంది? ఈ మాట నేను సంపాదక వర్గంలో అంటే, భయపెట్టడానికి ఊహించి చెప్తున్నావని ఒక మిత్రురాలు కోప్పడింది. కావచ్చు. కానీ ఊహ పూర్తిగా గాలిలోంచి రాలేదు.

స్త్రీల ఉద్యమానికి ‘ఇష్టపూర్వకంగా’ అనే మాటతో పాత లెక్కలున్నాయి. 1987 సెప్టెంబరులో రాజస్థాన్‌లోని దేవ్‌రాలాలో రూప్ కన్వర్‌ని భర్త చితి మీద కాల్చేసినప్పుడు, ఆమె ఇష్టపూర్వకంగానే ఎక్కిందని వేలమంది ఊరేగింపులు తీశారు. పద్దెనిమిదేళ్ల పిల్ల! ఆ సంవత్సరమే వచ్చిన సతి నిరోధక చట్టం, ఇష్టపూర్వకమా కాదా అన్న ప్రశ్ననే పక్కన పెట్టేసింది. అలా చెయ్యమని అడిగింది మనమే. కుటుంబం, కులం, ఊరు అన్నీ కలిసి ఒక స్త్రీని ఒక మూలకు తోసేశాక ఆమె నోటి నుంచి వచ్చే ‘సరే’ని ఒప్పుకోలుగా లెక్కపెట్టకూడదని మనమే వాదించాం.

గాంధీ ఆస్పత్రిలో, ఉస్మానియాలో కాలిన గాయాల వార్డుల్లో మన ముందు తరం విన్న మరణ వాంగ్మూలాలు ఇంకొకటి. స్టవ్ పేలిందమ్మా, నా పొరపాటేనమ్మా, ఎవరినీ ఏమీ అనకండి. అత్తగారు గుమ్మం దగ్గర, భర్త మంచం పక్కన, పిల్లలు ఎవరి దగ్గర ఉన్నారో తెలియని ఆందోళన మనసులో. మేజిస్ట్రేటు రాసుకునేవాడు, కాగితం సక్రమంగానే ఉండేది. చావుబతుకుల్లో ఉన్న స్త్రీ మాట నిజం మాటే అయివుంటుందని సాక్ష్యాల చట్టం నమ్ముతుంది. మంచం చుట్టూ ఎవరు నిలబడ్డారో చూడాలని మనం చెప్తూ వచ్చాం.

ఇక అక్క స్వయంగా పాలుపంచుకున్న పోరాటం. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగానికి ఆడవాళ్లను చేర్చుకున్నారు. ఇది ప్రయోగమని, దీనికి ఫలానా దుష్ఫలితాలున్నాయని ఆ స్త్రీలకు తెలియదు. స్త్రీశక్తి సంఘటన వాళ్లు వెళ్లి అడిగాక గాని బయటపడలేదు. 1986లో సహేలి తదితర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టులో రిట్ వేశారు. ‘తెలిసి ఇచ్చే అంగీకారం’ అనే మాట తెలుగు స్త్రీల ఉద్యమంలోకి వచ్చింది ఆ ఇంజెక్షన్ దారినే. ఆ కథ ఇప్పుడు గుర్తుచేస్తే అక్క నవ్వింది. ‘‘నాకే పాఠం చెప్తున్నావా? వాళ్లకి చెప్పకుండా పొడిచారు. నేను తెలిసి అడుగుతున్నా. రెండూ ఒకటెట్లా అవుతాయి?’’

ఒకటి కావు. నేనూ ఒప్పుకుంటాను. కానీ చట్టం అక్క ఒక్కదాని కోసమే ఉండదు. తనలాగా చదువుకుని, పింఛనుండి, తన పేరు మీద ఫ్లాటుండి, కాదు అనడం అలవాటైన స్త్రీలు ఎంతమంది?

బయటి దేశాల అనుభవం కూడా చూడాలి. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్ర ప్రజలు 1994లో ఓటేసి ఆమోదించిన చట్టం 1997లో అమలుకొచ్చింది. ఆరు నెలలకు మించి బతకరని ఇద్దరు డాక్టర్లు చెప్పాలి, మందు రోగే వేసుకోవాలి. అక్కడ ఏటా వచ్చే నివేదికల్లో జనం చెప్పే కారణాల్లో నొప్పి ముందు వరసలో ఉండదు. నా పని నేను చేసుకోలేకపోతున్నాను, గౌరవం పోతోంది అన్నవి ముందుంటాయి. ఇంటివాళ్లకు భారమవుతున్నాను అని చెప్పేవాళ్లు చాలా ఏళ్లలో దాదాపు సగం మంది. నెదర్లాండ్స్, బెల్జియం 2002 నుంచి డాక్టరే ఇంజెక్షన్ ఇవ్వడాన్ని అనుమతిస్తున్నాయి. కెనడా 2016లో మొదలుపెట్టి, 2021లో చావు దగ్గర్లో లేనివాళ్లకి కూడా తలుపు తెరిచింది. ఆ రెండో తలుపు గుండా వెళ్తున్నవాళ్లలో స్త్రీలే ఎక్కువ. వికలాంగుల సంఘాలు అక్కడ గట్టిగా వ్యతిరేకిస్తున్నాయి. మాకు ఇల్లు, సాయం చేసే మనిషి కావాలంటే ఏళ్లు పడుతోంది, చావు మాత్రం త్వరగా మంజూరవుతోంది అని వాళ్ల గొడవ. బ్రిటన్‌లో 2025 జూన్‌లో కామన్స్ సభ 314-291 ఓట్లతో ఇలాంటి బిల్లును ఆమోదించినప్పుడూ ఇదే వాదన నడిచింది.

1990లలో అమెరికాలో కెవోర్కియన్ అనే డాక్టరు సొంతంగా తయారుచేసిన యంత్రంతో రోగులకు మరణం ‘ఇచ్చాడు’. మొదటి ఎనిమిదిమందీ స్త్రీలే. సుసాన్ వుల్ఫ్ అనే న్యాయశాస్త్ర ఆచార్యురాలు 1996లో ఈ విషయాన్ని స్త్రీవాద దృష్టితో పరిశీలిస్తూ రాసింది. జీవితమంతా ఇంకొకరి కోసం తనను తగ్గించుకోవడమే మంచితనం అని నేర్చుకున్న స్త్రీ, ఆఖరున తనను పూర్తిగా తీసేసుకోవడాన్ని కూడా మంచితనంగానే చూసే ప్రమాదం ఉందన్నది ఆమె వాదనలో నాకు అన్నిటికంటే బలంగా తోచిన భాగం.

దీనికి అమెరికా దాకా పోనక్కర్లేదు. పంజాగుట్టలో పెద్దాస్పత్రి బయట ఏ సాయంత్రమైనా నిలబడండి. ఫుట్‌పాత్ మీద చాపలు, ప్లాస్టిక్ కవర్లో బట్టలు, స్టీలు క్యారియరు. రోగికి తోడు వచ్చినవాళ్లు. మగవాళ్లు డబ్బు కోసం, రిపోర్టుల కోసం తిరుగుతుంటారు. రాత్రి లోపల మంచం పక్కన కూర్చునేది, మలమూత్రాలు తీసేది ఎక్కువగా ఆడవాళ్లే. భార్య, కూతురు, కోడలు. అదే స్త్రీ రేపు జబ్బు పడితే ఆమె పక్కన ఎవరు కూర్చుంటారు? ఈ ప్రశ్న మా సమావేశాల్లో ఎక్కడ అడిగినా ముందు నవ్వులు, తర్వాత నిశ్శబ్దం. ‘‘నేను పడితే నన్ను పొయ్యేలా చూడు తల్లీ అని దేవుణ్ణి అడుక్కుంటాను’’ అని ఒకామె అన్నది. చుట్టూ ఉన్నవాళ్లంతా తలూపారు. మంచాన పడకుండా పోవాలి, ఎవరితో చేయించుకోకుండా పోవాలి. మన ఇళ్లలో పెద్దాడవాళ్లు ప్రతిరోజూ అనే మాట ఇది. దీన్ని ‘స్వతంత్ర నిర్ణయం’ అని ఒక ఫారంలో రాసేస్తే ఎంత తేలిక!

అమీర్‌పేట సందుల్లో కరెంటు స్తంభాల మీద కోచింగ్ సెంటర్ల కాగితాల మధ్యన ‘పేషెంట్ కేర్‌కు మనుషులు కావలెను’ అన్న కాగితాలు కనిపిస్తాయి. అక్క దగ్గర పగలు ఉండే అమ్మాయి అలాంటి ఏజెన్సీ నుంచే వచ్చింది. పన్నెండు గంటల డ్యూటీ, కమిషన్ పోగా చేతికొచ్చేది మిగతాది. ఒక రోజు ఆమెతో విడిగా మాట్లాడాను. అక్కను ఎత్తి కూర్చోబెట్టడం వల్ల తన నడుము పోయిందని చెప్పింది. ‘‘అమ్మ మంచిదండీ. కానీ చచ్చిపోతా చచ్చిపోతా అంటే నాకు భయమేస్తది. రేపు పోలీసులొస్తే ముందు నన్నే అడుగుతారు కదా’’ అంది. ఇన్ని వ్యాసాలు చదివాను, ఈ అమ్మాయి గురించి ఎక్కడా లేదు. డాక్టరుకు రక్షణ, కుటుంబానికి రక్షణ అని చర్చిస్తాం. మందు గ్లాసు అందించే చెయ్యి ఎవరిది?

అరుణా శాన్‌బాగ్ ఉదంతం ఇక్కడ మరవలేం. ముంబై కె.ఇ.ఎం. ఆస్పత్రి నర్సు. 1973 నవంబరులో అదే ఆస్పత్రి వార్డుబాయ్ గొలుసుతో మెడ బిగించి లైంగిక దాడి చేశాడు. అతనికి పడిన శిక్ష హత్యాయత్నం, దోపిడీలకే, ఏడేళ్లు. లైంగిక దాడికి కేసే పెట్టలేదు. అరుణ ఆ మంచం మీదే 2015 మే దాకా, నలభై ఒక్క సంవత్సరాలకు పైగా బతికింది. జర్నలిస్టు పింకీ విరానీ వేసిన పిటిషన్ మీద 2011 మార్చిలో సుప్రీంకోర్టు అరుణ విషయంలో అనుమతి నిరాకరిస్తూనే, మొదటిసారి వైద్యం ఆపెయ్యడానికి దారి తెరిచింది. అరుణ తరఫున మాట్లాడే అర్హత ఇన్నేళ్లూ ఆమెను కడిగి, తినిపించి, ఒక్క పుండు పడకుండా చూసుకున్న ఆస్పత్రి సిబ్బందికే ఉందని చెప్పింది. మన స్నేహితుల్లో చాలామందికి ఆ తీర్పు నచ్చలేదు. నాకు అందులో ఒక్క విషయం నచ్చింది: చాకిరీ చేసినవాళ్ల మాటకు ఒక కోర్టు విలువివ్వడం. కానీ అరుణ ఏమనేదో? అది ఎవరికీ తెలియదు. నర్సులకీ తెలియదు, పింకీ విరానీకీ తెలియదు.

ఆ తెలియకపోవడానికి జవాబుగానే 2018 మార్చి 9న ‘కామన్ కాజ్’ కేసులో అయిదుగురు జడ్జీలు లివింగ్ విల్‌ని చట్టబద్ధం చేశారు. మేజిస్ట్రేటు సంతకం కావాలన్న నిబంధన వల్ల అది కాగితం మీదే ఉండిపోతే, 2023 జనవరిలో కొంత సులువు చేశారు. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి నోటరీతో గాని గెజిటెడ్ అధికారితో గాని ధ్రువీకరింపజేస్తే చాలు. మన తరఫున మాట్లాడడానికి ఒకరి కంటే ఎక్కువమంది పేర్లు రాయొచ్చు. ఆ సమయం వచ్చినప్పుడు ఆస్పత్రిలో డాక్టర్ల బోర్డు ఒకటి, దానిపైన జిల్లా వైద్యాధికారి పంపే డాక్టరుతో రెండో బోర్డు ఒకటి ఒప్పుకోవాలి. వీలైనంతవరకు ఒక్కొక్కటి 48 గంటల్లో తేల్చాలి. మున్సిపాలిటీలో, పంచాయతీలో ఈ కాగితాలు భద్రపరిచే అధికారి ఉండాలి. మీ ఊళ్లో ఆ అధికారి ఎవరో వెళ్లి అడగండి. సమాధానం ఏం వచ్చిందో మాకు రాయండి.

కోర్టు అంటోంది సరే, పార్లమెంటు ఏమంటోంది? లా కమిషన్ 2006లో, 2012లో రెండు నివేదికలిచ్చింది. 2016లో ఒక ముసాయిదా బిల్లును అభిప్రాయాల కోసం బయటపెట్టారు. అది చట్టం కాలేదు. ఈలోగా వాస్తవంలో జరిగేది వేరు. డబ్బయిపోయిన కుటుంబం ‘డాక్టరు సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నాం’ అని సంతకం పెడుతుంది. అంబులెన్సులో చేత్తో గాలి కొడుతూ ఊరికి తీసుకెళ్తారు, పొలిమేర దాటేలోపు ప్రాణం పోతుంది. ఏ బోర్డూ కూర్చోదు, ఏ రోగినీ అడగరు. రోజూ జరిగే ఈ తంతుకు మనం ఏ పేరూ పెట్టలేదు. మా దగ్గరి బంధువు ఒకామెను అలాగే తీసుకెళ్లాం. సంతకం పెట్టింది ఆమె కొడుకు. ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి. ఆమెను ఒక్క మాట అడగాలని నాకు తోచలేదు. సోషియాలజీలో డాక్టరేటున్న దాన్ని!

నొప్పి సంగతి. కేన్సరు ముదిరిన స్త్రీకి మార్ఫిన్ దొరకని చోట చావే విడుదలగా కనిపిస్తుంది, అందులో తాత్వికత ఏమీ లేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం లైసెన్సుల మీద లైసెన్సులు పెట్టి ఆస్పత్రుల నుంచి మార్ఫిన్‌ను దాదాపు తరిమేసింది. 2014లో సవరించారు. కేరళలో 1993లో కాలికట్‌లో మొదలైన పని పంచాయతీల దాకా పాకి, 2008కి ప్రభుత్వ విధానమైంది. మన దగ్గర రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. కేన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది, నగరంలో స్పర్శ్ హాస్పైస్ ఉచితంగా నడుస్తోంది, తెలంగాణ జిల్లా కేంద్రాల్లోనూ ఇలాంటి వార్డులు వచ్చాయి. ఈ పేర్లు మన కార్యకర్తలకే చాలామందికి తెలియవు, అందుకే రాస్తున్నాను. ఇంటికొచ్చి చూసే బృందం కోసం అడిగి పోరాడవచ్చు. అది ఏ చట్టమూ మార్చకుండా ఈ రోజే చెయ్యగలిగిన పని.

ఇదంతా రాసి అక్కకు చదివి వినిపించాను. కళ్లు మూసుకుని విన్నది. ముద్దగా, ఒక్కో మాటా కూడబలుక్కుని అంది: ‘‘ముందు నొప్పి మందు రావాలి, తర్వాత చాకిరీ చేసేవాళ్లు రావాలి, తర్వాత పితృస్వామ్యం పోవాలి. అప్పుడు నాకు హక్కొస్తుంది. అంతేనా? నేను అప్పటిదాకా ఉంటానా? విడాకుల హక్కు అడిగినప్పుడు కూడా మగవాళ్లు ఇదే అన్నారు. సమాజం సిద్ధంగా లేదు, ఆడవాళ్లకే నష్టం అని. అబార్షన్ అప్పుడూ అదే. కాపాడతామన్నవాళ్లే తలుపులు వేస్తారు.’’

ఈ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. అబార్షన్ హక్కును ఆడపిండాల్ని తీసెయ్యడానికి వాడుకున్నారు, అయినా మనం ఆ హక్కును వదులుకోలేదు. వాడుకున్నవాళ్ల మీద వేరే చట్టం అడిగాం. అదే తర్కం ఇక్కడ ఎందుకు పనిచెయ్యదని అక్క అడిగితే, పనిచెయ్యదు అని నేను గట్టిగా చెప్పలేను. అబార్షన్ తర్వాత ఆ స్త్రీ బతికి ఉంటుంది, మోసపోతే వచ్చి చెప్పగలుగుతుంది, ఇక్కడ ఆ అవకాశం లేదు. నాకు కనబడుతున్న తేడా అదొక్కటే. కానీ అది చిన్న తేడా కాదు.

అందుచేత నా అభిప్రాయం ఇది, మన పత్రిక అభిప్రాయం కాదు. డాక్టరు సాయంతో మరణాన్ని సూత్రరీత్యా నేను వ్యతిరేకించను. మతం పేరుతో, ‘జీవితం దేవుడిచ్చింది’ అనే మాటతో వ్యతిరేకించేవాళ్ల పక్కన నిలబడను. కానీ ఈ రోజు మన రాష్ట్రాల్లో ఆ చట్టం కోసం సంతకాలు సేకరించమంటే చెయ్యలేను. రేపు బిల్లంటూ వస్తే మనం బయట నిలబడి నినాదాలివ్వకుండా లోపలికెళ్లి మాట్లాడాలి. రోగిని కుటుంబం లేకుండా విడిగా, ఒకసారి కాదు కొన్ని వారాల తేడాతో పలుసార్లు, తన భాషలో మాట్లాడించాలి. నొప్పి తగ్గించే వైద్యం, మనిషి సాయం ఆమెకు నిజంగా అందాయా లేదా అన్నది కాగితం మీద రాయాలి, అందకపోతే దరఖాస్తు అక్కడే ఆగి ప్రభుత్వం జవాబు చెప్పాలి. ఆస్తి ఎవరికి వస్తుందో వాళ్లు సాక్షులు కాకూడదు. పక్కనుండే ఆయాకు కేసుల నుంచి రక్షణ ఉండాలి. మాలో ఇద్దరు దీన్ని పిరికితనం అన్నారు, ఒకరు తొందరపాటు అన్నారు. వాళ్ల వ్యాసాలు వచ్చే సంచికలో వేస్తాం.

అక్క ఈలోగా లివింగ్ విల్ రాసుకుంది. గొంతుకు రంధ్రం చెయ్యొద్దు, వెంటిలేటర్ పెట్టొద్దు, ముక్కులో గొట్టం వద్దు, నొప్పికి మాత్రం మందు ఇవ్వండి. ఆమె అడిగినది ఇది కాదు. చట్టం ఇవ్వగలిగింది ఇదే కాబట్టి తీసుకుంది. తన తరఫున మాట్లాడడానికి పెద్దమ్మాయి పేరు, నా పేరు రాసింది. నాతో వాదించినందుకే నా పేరు పెట్టానంది. ‘‘నా మాట నీకు నచ్చకపోయినా నా మాటే చెప్తావు నువ్వు’’ అంది.

పోయిన గురువారం వీల్‌చైర్‌లో లిఫ్టు దింపి, ఆటోలో నోటరీ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, అక్కను వదిలేసి నన్ను అడిగాడు: ‘‘ఆమెగారి భర్త సంతకం ఏదమ్మా?’’ భర్త పోయి పదకొండేళ్లయిందని, ఉన్నా అక్కర్లేదని చెప్పాను. అయితే కొడుకు సంతకమన్నా తెమ్మన్నాడు. అక్క కుడిచెయ్యి ఎత్తి బల్ల మీద కొట్టింది. సుప్రీంకోర్టు నిబంధనల తెలుగు నకలు నా సంచిలో ఉంది, తీసి ముందు పెట్టాను. చదవడానికి ఆయనకు ఇరవై నిమిషాలు పట్టింది. తర్వాత స్టాంపు వేశాడు.

ఆ తెలుగు నకలు, లివింగ్ విల్ నమూనా ఈ సంచిక చివర ఇస్తున్నాం. ఫొటోకాపీలు తీసి పంచండి.